సంఘం లెక్క, యూనియన్ లెక్క, బ్యాంకు లెక్క – మూడూ ఒకటి కావాలంటే



పాల సంఘాల సర్వసభ్య సమావేశాలలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తున్నది. "సారూ, చీటీల ఒక లెక్క, బ్యాంకుల ఇంకో లెక్క వస్తున్నది. ఏది నమ్మాలె?" అని అడుగుతున్నారు. అడిగితే కార్యదర్శి తన యంత్రం చూపిస్తాడు. యూనియన్ సూపర్‌వైజరు తన కంప్యూటరు చూపిస్తాడు. బ్యాంకు వారు పాసు పుస్తకం చూపిస్తారు. ఎవరి లెక్క వారికి సరిగానే ఉంటుంది. సభ్యురాలి ఖాతాలో పడిన డబ్బు మాత్రం తక్కువగా ఉంటుంది.

ఇందులో ప్రతిసారీ ఎవరో మోసం చేశారని అనుకొనవలసిన పని లేదు. మూడు చోట్ల ఉన్న లెక్కలు ఒకదానితో ఒకటి సరిగా కలవకపోవడమే ఎక్కువ సందర్భాలలో అసలు కారణం. ఈ లెక్కలను కలిపే పద్ధతినే ఈనాడు సాఫ్ట్‌వేర్ అనుసంధానం అంటున్నారు. ఇది ఇంజనీర్ల వ్యవహారమని మనం పక్కకు తప్పుకొనడానికి వీలు లేదు. కలిపేది మన పాల లెక్క కనుక దీని మంచిచెడ్డలు ప్రతి సభ్యునికీ తెలిసి ఉండాలి.

పుస్తకం నుండి యంత్రం దాకా

1970లో ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలైనది. మన ఉమ్మడి రాష్ట్రంలో 1974లో డెయిరీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, 1981లో పాడి సహకార సమాఖ్య ఏర్పడినవి. ఆ రోజులలో సంఘం ఆఫీసు అంటే ఒక బల్ల, కొలతపాత్రలు, లాక్టోమీటరు, నాలుగు రిజిస్టర్లు. పాలు పోసిన వెంటనే పుస్తకంలో ఎక్కించి చీటీ రాసి ఇచ్చేవారు. వెన్న శాతం కొరకు గెర్బర్ పద్ధతిలో ఆమ్లం కలిపి, గొట్టాలు తిప్పి, చదివి రాసేవారు. ఆ రాసినదే మళ్ళీ లెడ్జరులోకి, లెడ్జరు నుండి బిల్లులోకి, బిల్లు నుండి చెల్లింపు పట్టీలోకి ఎక్కేది. ఒకే అంకె నాలుగుసార్లు చేతితో రాయవలసి వచ్చేది.

తరువాత ఎలక్ట్రానిక్ కాటాలు, వెన్న చూసే యంత్రాలు వచ్చినవి. కాటా, వెన్న యంత్రం, చీటీ అచ్చువేసే పెట్టె ఒక తీగతో కలిసి స్వయంచాలిత పాల సేకరణ యూనిట్లు అయినవి. 2014లో మొదలైన జాతీయ పాడి అభివృద్ధి పథకం క్రింద వీటికి, బల్క్ కూలర్లకు సహాయం లభిస్తున్నది. ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్.డి.డి.బి.) గ్రామ సంఘం నుండి యూనియన్ దాకా సమాచారం చేరవేసే ఏ.ఎం.సి.ఎస్. అనే సాఫ్ట్‌వేరును తయారు చేసినది. యూనియన్లలోని కొనుగోలు, నిల్వ, అమ్మకం, జమాఖర్చులు అన్నీ ఒకే చోట నడపడానికి ఎన్.డి.ఇ.ఆర్.పి. అనే మరొక వ్యవస్థను కూడ రూపొందించినది. ఇది ఇఆర్‌పీ నెక్స్ట్ అనే, ఎవరైనా వాడుకొనదగిన బహిరంగ సాఫ్ట్‌వేరు మీద కట్టబడినది. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకొనేటట్లు అమర్చినారు. వ్యవసాయ పరపతి సంఘాల విషయంలో కూడ ఇదే దారి. 63,000 సంఘాలను ఒకే సాఫ్ట్‌వేరుపైకి తెచ్చుటకు రూ.2,516 కోట్ల పథకాన్ని కేంద్రం 2022 జూన్‌లో ఆమోదించినది.

కనుక సంఘం ఏ యంత్రం కొన్నా, యూనియన్ ఏ కంపెనీ సాఫ్ట్‌వేరు తీసుకొన్నా, నేడో రేపో లెక్కలు కలపడం తప్పదు.

క్లౌడ్ అంటే ఏమిటి?

క్లౌడ్ అంటే మబ్బు అని అర్థం. కాని లెక్కలు ఉండేది ఆకాశంలో కాదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో ఉండే కంప్యూటర్లలో ఉంటాయి. మన సంఘం, యూనియన్ ఆఫీసు, సభ్యుని సెల్‌ఫోను, అందరూ ఇంటర్‌నెట్ ద్వారా అక్కడి పుస్తకాన్నే తెరిచి చూస్తారు. పోచంపల్లిలో తెరిచిన బ్యాంకు ఖాతా నుండి హైదరాబాదులో డబ్బు తీసుకొంటున్నాము కదా, అటువంటిదే ఇది.

దీనివల్ల లాభాలు ఉన్నవి. సంఘం కంప్యూటరు చెడిపోయినా, కాగితాలకు చెద పట్టినా లెక్క పోదు. ఉదయం పోసిన పాల వివరం మధ్యాహ్నానికి యూనియన్‌కు తెలుస్తుంది. ట్యాంకరు ఎటు పంపాలో, దాణా ఎంత కావాలో ముందే అంచనా వేయవచ్చు. అయితే ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. తప్పు అంకె క్లౌడ్‌లోకి వెళితే అది ఒప్పు కాదు. ఆ తప్పే నాలుగు చోట్లకు త్వరగా పాకుతుంది.

అనుసంధానం అంటే ఏమిటి?

మన పోచంపల్లి వారికి దీనిని మగ్గం మీదనే చెప్పవచ్చు. చిటికి కట్టేటప్పుడు దారాన్ని ముందే గుర్తుల ప్రకారం కట్టి, రంగు వేస్తాము. పడుగును, పేకను రెండింటినీ రంగు వేసిన జంట ఇక్కత్‌లో పడుగు మీది గుర్తు, పేక మీది గుర్తు సరిగ్గా ఒకచోట కలిస్తేనే పువ్వు పువ్వుగా కనిపిస్తుంది. నూలు మంచిదే, రంగు మంచిదే, నేతగాడు మంచివాడే అయినా గుర్తు ఒక్క పోగు జరిగితే ఆకారం చెదిరిపోతుంది.

సంఘం లెక్క పడుగు అనుకొనండి. యూనియన్ లెక్క పేక అనుకొనండి. సభ్యుని సంఖ్య, తేదీ, పూట, తూకం, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. అనేవి గుర్తులు. రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఈ గుర్తులు ఒకే అర్థంలో, ఒకే కొలతలో ఉండాలి. ఈ సాఫ్ట్‌వేరులోని ఏ గడి ఆ సాఫ్ట్‌వేరులోని ఏ గడికి జత అవుతుందో ముందే రాసుకొనాలి. ఇంజనీర్లు రెండు వ్యవస్థల మధ్య ఏపీఐ అనే ద్వారం పెడతారు. ఆ ద్వారం అడిగిన రూపంలో ఇచ్చిన సమాచారాన్నే తీసుకొంటుంది. రూపం సరిగా ఉంటే చాలు, లోపలి అర్థం సరియో కాదో అది చూడదు. అర్థం చూడవలసినది మనము.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

1. పేర్లు, సంఖ్యలు: ఒక్క ఊరిలోనే నలుగురు లక్ష్మమ్మలు ఉంటారు. యూనియన్ జాబితాలో ఇంటిపేరు ముందు, సంఘం జాబితాలో ఇంటిపేరు వెనుక ఉంటే కంప్యూటరు వారిని ఎనిమిది మంది అనుకొనవచ్చు. ఊరి పేరు కూడ అంతే. భూదానోద్యమం 1951లో ఇక్కడ పుట్టింది కనుక మన ఊరిని భూదాన్ పోచంపల్లి అంటాము. ఒక పట్టికలో పోచంపల్లి, మరొక దానిలో భూదాన్ పోచంపల్లి, ఇంకొక దానిలో బి. పోచంపల్లి అని ఉంటే కంప్యూటరుకు అవి మూడు ఊళ్ళు. 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడినా, పాత జాబితాలలో నల్లగొండ జిల్లా అనే ఉండిపోయి ఉండవచ్చు. అందుచేత పేరును బట్టి కాక, ఎన్నడూ మారని సభ్యత్వ సంఖ్యను బట్టి జత కలపాలి. సభ్యుడు మరణించినా, మానుకొన్నా ఆ సంఖ్యను ఇంకొకరికి ఇవ్వరాదు.

2. లీటరు, కిలో: ఒక లీటరు పాలు సుమారు 1.03 కిలోల బరువు ఉంటాయి. సంఘం యంత్రం 500 లీటర్లు అని పంపితే, యూనియన్ సాఫ్ట్‌వేరు దానిని 500 కిలోలు అని తీసుకొంటే 15 కిలోలు మాయమైనట్లే. పదిహేను రోజుల బిల్లులో 225 కిలోలు. కిలో రూ.50 చొప్పున అనుకొంటే రూ.11,250 తేడా. ఎవరూ ఒక్క చుక్క తీయలేదు, ఎవరూ ఒక్క అంకె దిద్దలేదు. కొలత పేరు రాయకుండా అంకె మాత్రమే పంపినందువల్ల వచ్చిన నష్టమిది.

3. దశాంశం: వెన్న 6.25 అని యంత్రం చదివినది. అవతలి వ్యవస్థ ఒక్క దశాంశమే ఉంచుకొని 6.2 అని రాసుకొన్నది. 500 కిలోల పాలలో 0.05 శాతం అంటే పావు కిలో వెన్న. కిలో వెన్న రూ.800 అనుకొంటే రోజుకు రూ.200. ఎన్ని దశాంశాలు ఉంచాలి, చివరి అంకెను కోయాలా లేక దగ్గరి అంకెకు సవరించాలా అన్నది ముందే రాతపూర్వకంగా నిర్ణయించుకొనాలి.

4. సగటు: ఒక సభ్యురాలు 8 శాతం వెన్న గల బర్రె పాలు 10 కిలోలు పోసినది. మరొకరు 4 శాతం గల ఆవు పాలు 40 కిలోలు పోసినారు. ఎనిమిదికి నాలుగు కలిపి రెండుతో భాగిస్తే సగటు 6 అని వస్తుంది. అది తప్పు. మొదటి దానిలో 0.8 కిలో, రెండవ దానిలో 1.6 కిలో, మొత్తం 2.4 కిలోల వెన్న 50 కిలోల పాలలో ఉన్నది. సరైన సగటు 4.8. సాఫ్ట్‌వేరు సగటును ఏ విధంగా కడుతున్నదో అడిగి తెలుసుకొననిదే "సంఘం పంపిన పాలలో వెన్న తగ్గినది" అనే మాట ఒప్పుకొనరాదు.

5. రేటు చార్టు: కొత్త రేటు ఒకటవ తేదీ ఉదయం పూట నుండి అమలు అని యూనియన్ ప్రకటించినది. చార్టు సంఘం యంత్రానికి సాయంత్రం అందినది. ఉదయం పూట చీటీలన్నీ పాత రేటుతో వెళ్ళినవి. యూనియన్ లెక్క కొత్త రేటుతో ఉన్నది. అందువల్ల ప్రతి చార్టుకు ఒక సంఖ్య, అమలు తేదీ, పూట ఉండాలి. చీటీ మీద కూడ ఆ చార్టు సంఖ్య అచ్చు కావాలి.

6. ఒకే పాలు రెండుసార్లు: ఉదయం నెట్‌వర్క్ లేదు. మంచి యంత్రం పాల వివరాలు తన జ్ఞాపకంలో ఉంచుకొని, లైను వచ్చినప్పుడు పంపుతుంది. ఇది తెలియక కార్యదర్శి అవే వివరాలను ఫోనులో చేతితో ఎక్కించినాడు. రాత్రికి యంత్రం కూడ పంపినది. లెక్క రెండింతలైనది. బిల్లు ఎక్కువ వచ్చిందని సంతోషించే లోపలే తరువాతి పక్షంలో కోత పడుతుంది. అలాగని ఒకే పేరు మీద ఒకే పూట రెండు నమోదులుంటే ఒకటి కొట్టివేయమనడం కూడ తప్పే. ఆమె ఆవు పాలు వేరుగా, బర్రె పాలు వేరుగా పోసి ఉండవచ్చు. ప్రతి నమోదుకు సంఘం సంఖ్య, తేదీ, పూట, వరుస సంఖ్య కలిపిన ఒక గుర్తు ఉండాలి. ఆ గుర్తు రెండవసారి వస్తేనే వ్యవస్థ దానిని తిప్పికొట్టాలి.

7. గడియారం: లోపలి బ్యాటరీ అయిపోతే కొన్ని యంత్రాల తేదీ వెనుకకు పోతుంది. నేటి పాలు ఎన్నడో పోసినట్లు నమోదు అవుతాయి. ఆ పక్షం బిల్లు అప్పటికే మూసివేసి ఉంటే ఆ పాలకు డబ్బు రాదు. ప్రతి పూటా మొదటి చీటీ మీద తేదీ చూడడం రెండు నిమిషాల పని కూడ కాదు.

8. బ్యాంకు కోడు: 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసినది. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినది. 2025 జనవరి 1 నుండి మన రాష్ట్రంలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసినవి. ఇటువంటి ప్రతి విలీనంలోనూ శాఖల కోడులు మారుతాయి. సంఘం పుస్తకంలో కొత్త కోడు రాసి, యూనియన్ వ్యవస్థలో పాతది వదిలేస్తే డబ్బు తిరిగి వస్తుంది, లేదా ఆగిపోతుంది. సభ్యునికి మాత్రం "పంపినాము" అనే జవాబే వస్తుంది.

ఏ విషయానికి ఎవరి పుస్తకం ప్రమాణం?

రెండు పుస్తకాలలో రెండు అంకెలు ఉన్నప్పుడు ఏది చెల్లుతుందన్న నిర్ణయం తగాదా వచ్చిన తరువాత చేస్తే బలవంతునిదే చెల్లుతుంది. తగాదా రాకముందే చేయాలి. నా అనుభవంలో ఈ క్రింది ఏర్పాటు సబబుగా కనిపిస్తున్నది.

సభ్యుడు పోసిన పాల తూకం, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్.లకు సభ్యుని కళ్ళ ఎదుట సంఘంలో నమోదైన అంకె ప్రమాణం. సంఘం నుండి యూనియన్ తీసుకొన్న పాలకు, సంఘం ప్రతినిధి చూడగల చోట జరిగిన తూకం, పరీక్ష ప్రమాణం. రేటు చార్టుకు యూనియన్ ప్రమాణం. దాణా, మందుల బాకీకి సభ్యుడు సంతకం చేసిన బిల్లు ప్రమాణం. ఖాతా సంఖ్యకు పాసు పుస్తకం నకలు ప్రమాణం. డబ్బు ముట్టినదా లేదా అన్నదానికి బ్యాంకు ఇచ్చిన నివేదిక ప్రమాణం. ఒక అంశానికి ఒకే యజమాని ఉండాలి. మిగిలినవారు చూడవచ్చు, మార్చరాదు.

"పంపినాము" అన్నది వేరు, "అందినది" అన్నది వేరు. పూర్వం రిజిస్టరు పోస్టుకు రసీదు కార్డు తిరిగి వచ్చేది. సాఫ్ట్‌వేరులో కూడ అవతలి వైపు నుండి రసీదు రావాలి. సంఘం 142 నమోదులు పంపితే 142 అందినవని జవాబు రావాలి. 140 అని వస్తే ఆ రెండూ ఎవరివో ఆ పూటే తేలాలి.

దిద్దుబాటు దాచరాదు

పొరపాటు దొర్లితే దిద్దవలసినదే. అయితే చేతి పుస్తకంలో తప్పు అంకెను గీకి వేయకుండా, ఒక గీత కొట్టి పక్కన సరైనది రాసి పొట్టి సంతకం చేస్తాము. క్రింది అంకె కనిపిస్తూనే ఉండాలి. కంప్యూటరులో కూడ అదే నియమం. మొదటి నమోదు అలాగే ఉంచి, దానికి ఎదురు నమోదు వేసి, సరైనది కొత్తగా ఎక్కించాలి. ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ కారణంతో మార్చినారో వ్యవస్థలో నిలిచిపోవాలి. తనిఖీకి వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఈ దిద్దుబాటు జాబితానే. దిద్దుబాట్లు ఉండడం దోషం కాదు. అవి కనిపించకపోవడమే దోషం.

ఒక సంఘంలో ముగ్గురు వ్యక్తులు ఒకే పాస్‌వర్డు వాడుతుండగా చూచినాను. దిద్దినవారు ఎవరని అడిగితే ఎవరూ కాదన్నారు. వ్యవస్థ మాత్రం కార్యదర్శి పేరే చూపినది. పాస్‌వర్డు అంటే సంతకమే. సంతకాన్ని అరువు ఇస్తామా?

సంఘాలు చేయవలసిన పనులు

యూనియన్ వ్యవస్థతో కలిసే ముందు పాలకవర్గం ఈ క్రింది పనులు పూర్తి చేయవలెను.

ఒకటి, సభ్యత్వ రిజిస్టరును ఇంటింటికి సరిచూడాలి. చనిపోయినవారి పేర్లు, రెండుసార్లు ఉన్న పేర్లు, ఖాతా సంఖ్యలు తేల్చాలి. చెత్త జాబితాను మంచి వ్యవస్థలో పోస్తే చెత్తే వస్తుంది.

రెండు, కాటాను తూనికల శాఖ వారి చేత ముద్ర వేయించాలి. వెన్న యంత్రాన్ని గెర్బర్ పరీక్షతో పోల్చి చూడాలి. యంత్రం తప్పు చదివితే అనుసంధానం ఏమీ చేయలేదు.

మూడు, కనీసం రెండు పక్షాలు పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కనే నడపాలి. రెండు బిల్లులూ రూపాయి, పైసలతో కలిసిన తరువాతనే పాతది మానాలి. పని ఎక్కువైనా ఈ మెట్టు దాటరాదు.

నాలుగు, రోజూ సరిపోల్చే పట్టీ రాయాలి. ఉదాహరణకు ఉదయం సేకరణ 500 కిలోలు, ఊరిలో అమ్మినది 12, పంపవలసినది 488, యూనియన్‌కు అందినది 485, తేడా 3. ఎంత తేడా వరకు సహజమో పాలకవర్గం తీర్మానించాలి. అంతకు మించితే ఆ రోజే విచారించాలి. పక్షం చివరన చూద్దామంటే కారణం దొరకదు.

ఐదు, దాణా, పశువుల బీమా, అప్పు కోతలు చీటీలో విడివిడిగా కనిపించాలి. "ఇతర కోతలు" అనే ఒక్క గడిలో అన్నీ కుక్కరాదు. దాణా కోత సంఘంలో ఒకసారి, యూనియన్‌లో ఒకసారి పడే ప్రమాదం ఇక్కడనే ఉన్నది.

ఆరు, అచ్చు చీటీ ఇవ్వడం మానరాదు. ఫోనుకు సందేశం వస్తున్నది కదా అని కొందరు మానివేస్తున్నారు. ఫోను కొడుకు దగ్గర ఉంటుంది, పాలు పోసేది తల్లి. లెక్క ఆమె చేతికి అందాలి.

ఏడు, ఓటీపీ, పాస్‌వర్డు ఎవరు ఫోనులో అడిగినా చెప్పవద్దని ప్రతి సమావేశంలో హెచ్చరించాలి.

సమాచారం ఎవరి సొత్తు?

ఇది అన్నిటికంటె పెద్ద ప్రశ్న. ఎవరింట్లో ఎన్ని బర్రెలున్నవి, రోజుకు ఎన్ని పాలు, ఎంత రాబడి, ఏ ఖాతా అనే వివరాలన్నీ ఇప్పుడు ఒకచోట చేరుతున్నవి. చెవి పోగులోని 12 అంకెల సంఖ్య ద్వారా పశువు వివరం కూడ భారత్ పశుధన్ అనే జాతీయ పట్టికలో చేరుతున్నది. ఈ సమాచారం అప్పు ఇచ్చే వారికి, దాణా అమ్మే వారికి, పోటీ డెయిరీలకు ఎంతో విలువైనది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసినది. అయితే చట్టం ఉన్నంత మాత్రాన చాలదు, ఒప్పందం కూడ సరిగా ఉండాలి.

సాఫ్ట్‌వేరు కంపెనీతో ఒప్పందం రాసుకొనేటప్పుడు మూడు మాటలు ఉన్నవో లేవో చూడండి. సమాచారం సంఘానిది, సభ్యులది, కంపెనీది కాదు. సభ్యుల అనుమతి లేనిదే ఇతరులకు ఇవ్వరాదు. ఒప్పందం ముగిసిన నాడు మొత్తం లెక్కను, వేరే సాఫ్ట్‌వేరు చదవగల రూపంలో, అదనపు రుసుము లేకుండా తిరిగి ఇవ్వాలి. ఈ మూడవ మాట లేకుంటే, రేటు పెంచినా సేవ తగ్గినా సంఘం ఆ కంపెనీని వదలలేదు. మన పుస్తకం మన బీరువాలో ఉండి, తాళం చెవి ఇంకొకరి జేబులో ఉన్నట్లవుతుంది. నెలకొకసారి మొత్తం లెక్కను దింపుకొని సంఘం దగ్గర భద్రపరచుకొనుట కూడ మంచిది.

సహకార సంఘంలో యజమాని సభ్యుడే. పుస్తకం కాగితం మీద ఉన్నప్పుడు ఏ సభ్యుడైనా వచ్చి చూపమని అడిగేవాడు. పుస్తకం క్లౌడ్‌లోకి వెళ్ళినంత మాత్రాన ఆ హక్కు పోదు. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఒక పక్షం బిల్లును తీసుకొని, సంఘం లెక్క, యూనియన్ లెక్క, బ్యాంకు లెక్క పక్కపక్కన పెట్టి అందరి ఎదుట చదివించండి. మూడూ కలిస్తే సంతోషం. కలవకపోతే పైన చెప్పిన ఎనిమిదింటిలో ఏది కారణమో వెతకండి. వివరాలు రాసి యూనియన్‌కు తీర్మానం పంపండి. ఎక్కువ తేడాలకు మూలం ఆ ఎనిమిదింటిలోనే దొరుకుతుంది.